దేవుడిగది తలుపు కింది జిడ్డు

నాకు అసహ్యం ఎక్కువ. ఈ మాట మా ఇంట్లో అందరూ అంటారు, నేనూ కాదనను. పెళ్ళి భోజనాల్లో పక్కవాళ్ళు పప్పూ పులుసూ పెరుగూ ఒకటి చేసి జుర్రుకుంటుంటే నాకు ముద్ద దిగదు. టీ కొట్టువాడు తాగిన గ్లాసులన్నీ ఒకే బకెట్లో ముంచి తీయడం చూసి, చేతిలో ఉన్న టీ పారబోసి వచ్చేసిన రోజులున్నాయి. హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పిన ఇరవై ఎనిమిదేళ్ళలో, వేలు నాకి కాగితాలు తిప్పే పిల్లల నోటుబుక్కుల్ని రెండు వేళ్ళ కొసలతో పట్టుకుని దిద్దాను. స్టాఫ్‌రూములో నా గ్లాసు వేరు, నా సబ్బు వేరు. శుభ్రమంటే నా తర్వాతే ఎవరైనా అని నా నమ్మకం. అలాంటి నా ఇంట్లో, అదీ దేవుడిగదిలో, పదిహేనేళ్ళుగా ఏం పేరుకుంటోందో నేను ఒక్కసారీ వంగి చూడలేదు.

మాది పాలకొల్లు. ఇల్లు కట్టేటప్పుడు వాస్తు చెప్పే ఆయన వచ్చి, దేవుడు ఈశాన్యంలోనే ఉండాలని పట్టుబట్టాడు. అప్పటికే గోడలు లేచాయి. ఆ మూల భోజనాల బల్లకీ ఫ్రిజ్‌కీ అనుకుని వదిలిన చోటు. అందులోంచి నాలుగడుగుల వెడల్పూ ఆరడుగుల పొడవూ కోసి దేవుడికిచ్చాం. మామూలు తలుపు పెట్టి లోపలికి తెరిస్తే పీట వేసుకునే చోటుండదు, బయటికి తెరిస్తే ఫ్రిజ్‌కి కొట్టుకుంటుంది. అందుకని పక్కకి జరిగే స్లైడింగ్ తలుపు పెట్టించాం. టేకు చట్రం, మధ్యలో దళసరి గాజు, గాజు మీద విచ్చుకున్న తామరపువ్వు. చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు. ఆ తలుపు గోడకి లోపలివైపు, అంటే దేవుడిగది వైపే, నేల మీద బిగించిన అల్యూమినియం ట్రాక్‌లో నడుస్తుంది. తలుపు అడుగున రెండు చిన్న నైలాన్ చక్రాలుంటాయి, వాటిని రోలర్లంటారు. విప్పాలన్నా బిగించాలన్నా మనిషి గదిలోపల కూర్చునే చెయ్యాలి. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు.

మా అత్తగారికి ఎనభై మూడేళ్ళు. దేవుడిగది ఆవిడ రాజ్యం. అందులోకి చీపురు రాకూడదు, ఫినాయిలు రాకూడదు. పూజలో వాడినదేదీ చెత్తబుట్టలో పడకూడదు, కాలికి తగలకూడదు. వాడిన పూలు ఒక సంచిలో పోగుచేస్తే మా ఆయన ఆదివారం పూట కాలవలో కలిపి వస్తారు. ఇక్కడిదాకా మా వైపు అన్ని ఇళ్ళలోనూ ఉన్నదే. మరి నేల మీద రాలిన అక్షింతలు, అగరుబత్తి నుసి, కుంకం, కొబ్బరి పీచు, ఎండిన పూరేకులు? వాటిని ఆవిడ తడిగుడ్డతో మెల్లగా ఒక పక్కకి తోసేవారు. ఆ పక్కనే తలుపు ట్రాక్. ట్రాక్‌లో ఎవరి కాలూ పడదు. దేవుడి సొత్తు దేవుడిగదిలోనే ఉంటుంది. ఇంతకంటే పద్ధతైన ఏర్పాటు ఏముంటుంది?

కొన్నేళ్ళకి తలుపు బిగుసుకోవడం మొదలెట్టింది. అత్తగారు దీపానికి పోసే నువ్వుల నూనె డబ్బా తెచ్చి ట్రాక్‌లో వంపారు. "దేవుడి తలుపుకి దీపం నూనె కాక మిషను నూనె పోస్తామా?" అన్నారు. సరే, ఆవిడ అన్నారంటే అర్థముంది. నేనేం చేశాను? ఏటా ఘర్షణ పాఠం చెప్పిన నేను, ఏ నూనె ఎక్కడ పనికొస్తుందో పిల్లల చేత పరీక్షల్లో రాయించి మార్కులు వేసిన నేను, గరిట తెచ్చి ఆవిడకి అందని మూలకి స్వయంగా పోశాను. రెండు రోజులు తలుపు బాగా నడిచింది. ఆ తర్వాత ప్రతి శుక్రవారం పోయడం అలవాటైంది. దేవుడి పని కాబట్టి ఇదేమిటని ఎవరూ అడగలేదు.

నువ్వుల నూనె కొన్నాళ్ళకి బంకవుతుంది. అందులో కుంకం కలిసింది, నుసి కలిసింది, బియ్యపు గింజలు నానాయి. చీమలొచ్చాయి, బొద్దింకలొచ్చాయి, వాటి కోసం బల్లులొచ్చాయి. గదిలో మక్కిన వాసన మొదలైతే అగరుబత్తులు రెండు ఎక్కువ వెలిగించాం. పైన పటారం, లోన లొటారం అంటారే, అది మా తలుపే. పైన తామరపువ్వు, కింద ఆ దరిద్రం.

పోయిన శ్రావణమాసానికి ముందు తలుపు పూర్తిగా మొరాయించింది. మూరెడు సందు తెరుచుకుని అక్కడే ఆగిపోయింది. లాగితే ఎముక గీసినట్టు చప్పుడు చేసేది గాని కదిలేది కాదు. అత్తగారు దీపం చేత్తో పట్టుకుని ఆ సందులోంచి పక్కకి తిరిగి దూరేవారు. ఒకనాడు పమిట చెంగు వత్తికి తగిలి అంటుకోబోయింది. నేను చూశాను కాబట్టి సరిపోయింది. ఆ రోజే బజారుకి బయల్దేరాను.

మాకు అలవాటైన వడ్రంగి మేస్త్రి, స్లైడింగ్ పని తనది కాదన్నాడు. హార్డ్‌వేర్ కొట్టాయన "ఏ సైజు రోలరండి?" అని అడిగితే నేను వేళ్ళతో సున్నా చుట్టి చూపించాను. ఆయన నవ్వాపుకుంటున్నాడు. నాకు ఒళ్ళు మండింది. అప్పుడే పక్కన స్క్రూలు ఏరుకుంటున్న మనిషి నా వైపు తిరిగాడు.

"మేడం గారండీ! నమస్తే అండి. నన్ను గుర్తుపట్టారా?"

పట్టాను. ముప్ఫై అయిదేళ్ళుంటాయి, నుదుటి మీద జుట్టు పల్చబడింది, ఆ కళ్ళు మాత్రం మారలేదు. ఎనిమిదో తరగతి, మొదటి బెంచీ. ఘర్షణ పాఠం రోజున బల్ల మీద లావుపాటి పుస్తకం పెట్టి లాగించి, తర్వాత దాని కింద నాలుగు పెన్సిళ్ళు పేర్చి మళ్ళీ లాగించింది ఆ పిల్లాడి చేతే. రెండోసారి పుస్తకం దొర్లుకుంటూ పోయి బల్ల మీంచి పడితే క్లాసంతా నవ్వింది. అతను నవ్వలేదు. "ఇంకోసారి లాగనా అండి?" అని అడిగాడు.

ఇప్పుడు కొట్టాయనతో అంటున్నాడు: "నేను చెబుతుంటానే, మా సైన్స్ మేడం, ఈవిడేనండి. ఈవిడ ముందుకి పిలిచి చేయించబట్టే నాకు మిషన్లంటే భయం పోయింది." మస్కట్‌లో ఏడేళ్ళు స్లైడింగ్ తలుపులూ కిటికీలూ బిగించి తిరిగొచ్చాడట, ఇక్కడా అదే పని చేస్తున్నాడట. నా సంగతి విని, "రేపు నేనే వస్తానండి మేడం గారూ. వేరే ఎవర్నీ పిలవకండి" అన్నాడు.

రిటైరైన టీచరుకి మిగిలేది ఇదే. సన్మానంలో కప్పిన శాలువాలు బీరువాలో పడుంటాయి, వాటిని కట్టుకోలేం, ఎవరికీ ఇవ్వలేం. బజారులో ఒకడు ఆగి, మా మేడం అని నలుగురికీ చూపిస్తే ఆ ఒక్క మాట మీద నెల్లాళ్ళు బతకొచ్చు. ఇంటికొచ్చేదాకా ఆటోలో నాలో నేనే నవ్వుకుంటున్నాను. ఆ పిల్లాడి దృష్టిలో నాకున్న చోటు అలాగే ఉండాలని, నేను అతను చెప్పుకునే మేడంలాగే కనపడాలని నా తాపత్రయం. ఇల్లంతా తుడిపించాను. కొత్త కాఫీపొడి తెప్పించాను. పెళ్ళిచూపులకి కూడా అంత హడావిడి పడలేదేమో.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి బండి మీద వచ్చాడు. గేటు దగ్గరే చెప్పులు విడిచి, ఎవరూ చెప్పకుండానే కుళాయి తిప్పి కాళ్ళు కడుక్కున్నాడు. చేతులు మోచేతుల దాకా కడుక్కుని రుమాలుతో తుడుచుకున్నాడు. అది చూసి, నా శిష్యుడంటే ఇలా ఉండాలి అనుకున్నాను. హాల్లో అత్తగారు కుర్చీలో కూర్చుని పత్తితో వత్తులు చేసుకుంటున్నారు. అతను "నమస్తే అండి మామ్మగారూ" అన్నాడు. ఆవిడ తలెత్తి చూసి అడిగారు:

"ఏ ఊరు బాబూ మీది? ఇంటిపేరేంటి?"

మా వైపు ఎవరూ ఎవరినీ కులం అడగరు. మేం మర్యాదస్తులం. ఊరు అడుగుతాం, ఇంటిపేరు అడుగుతాం, అప్పటికీ తేలకపోతే ఊళ్ళో ఏ వీధో అడుగుతాం. దాంతో పని అయిపోతుంది. ఎందుకడుగుతున్నామో అడిగేవాళ్ళకీ తెలుసు, చెప్పేవాళ్ళకీ తెలుసు. అతను ఊరు చెప్పాడు, ఇంటిపేరు చెప్పాడు. గొంతు తగ్గించలేదు, పెంచలేదు. అత్తగారు "ఆహా" అని, వత్తి చేస్తున్న వేళ్ళు ఆపి అతని వైపే చూస్తూ ఉండిపోయారు.

నాకు అతని కులం అప్పుడు కొత్తగా తెలిసిందేం కాదు. వాళ్ళ క్లాసుకి స్కాలర్‌షిప్ ఫారాలు నింపింది నేనే. ఎస్సీ అన్న గడిలో టిక్కు పెట్టింది నా పెన్నే. అది కాగితం మీది గడి మాత్రమేనని పిల్లలకి చెప్పాను కూడా, ఒకసారి కాదు. కాని ఇప్పుడు అతను సంచి పట్టుకుని దేవుడిగది గడపకి ఒక్క అడుగు దూరంలో ఉన్నాడు. అత్తగారి వేళ్ళు ఆగి ఉన్నాయి. ఆవిడ నోరు తెరిచేదాకా నేను ఆగలేదు.

"నువ్వు ఇక్కడే ఉండు నాయనా," అన్నాను. "లోపల ఇరుకు. లోపల చెయ్యాల్సిందేదో నేను చేస్తాలే, నువ్వు చెబుతూ ఉండు."

ఎంత తియ్యగా అన్నానో! ఇరుకు అన్నది అబద్ధం కూడా కాదు, నాలుగడుగుల గది. చదువుకున్నవాళ్ళం అబద్ధాన్ని అబద్ధంలా ఆడం.

అతను నా మొహంలోకి చూశాడు. ఎంతోసేపు చూడలేదు. "అలాగేనండి" అని ఒక అడుగు వెనక్కి వేసి, సంచి గడపకి ఇవతలే దించాడు. విషయం అతనికి అర్థమైంది. అర్థమైందని నాకూ తెలిసింది. ఇద్దరం కలిసి ఇరుకు గది నాటకం మొదలెట్టాం.

నేను మూరెడు సందులోంచి లోపలికి దూరాను. "తలుపు అడుగున రెండు మూలలా రెండు స్క్రూలుంటాయండి, చూడండి" అన్నాడు బయటినుంచి. చూడ్డానికి బోర్లా పడుకున్నంత పనైంది. నా ముక్కు నేలకి నాలుగంగుళాల దూరంలో ఉంది. అప్పుడు చూశాను ఆ ట్రాక్‌ని.

ట్రాక్ కనపడలేదు. అది ఉండాల్సిన చోట నలుపూ ఎరుపూ కలిసి నిగనిగలాడే ముద్ద ఉంది. ఉబ్బి పగిలిన అక్షింతలు అందులోంచి తెల్లగా పైకి తేలి ఉన్నాయి. కొన్ని అక్షింతలు కదులుతున్నాయి, అవి అక్షింతలు కావు. బొద్దింక రెక్కలు, బొద్దింక కాళ్ళు, సగం బొద్దింక. బల్లిగుడ్ల పెంకులు. దారపు ఉండలనుకున్నవి వెంట్రుకలు, తెల్లవి అత్తగారివి, రంగు వేసినవి నావి. వంటింట్లో పాత నూనె మూకుడు వారం రోజులు కడక్కుండా వదిలేసి, అందులో ఏదైనా చచ్చి పడితే ఎలా ఉంటుందో అలా ఉంది కంపు. పైట ముక్కుకి అడ్డం పెట్టుకుని తల తిప్పుకుంటే ఎదురుగా పటంలో లక్ష్మీదేవి. ఆవిడ రోజూ ఈ కంపులోనే నిలబడి ఉంది, మేం రోజూ దణ్ణాలు పెడుతున్నాం.

స్క్రూ తలలు ఆ జిడ్డులో పూడుకుపోయి ఉన్నాయి. తలలోంచి పిన్ను తీసి గోకి బయటపెట్టాను. "ఎడమకి తిప్పండి మేడం గారూ" అన్నాడు. మా కుట్టుమిషను సొరుగులోని పొట్టి స్క్రూడ్రైవరు నా చేతిలో జారిపోతోంది. "ఉండండి, పెద్దదిస్తాను" అని అతను పొడుగుపాటి స్క్రూడ్రైవరు పట్టుకుని, పనివాళ్ళకుండే అలవాటు కొద్దీ, సందులోంచి చెయ్యి లోపలికి చాపాడు. మోచెయ్యి దాకా వచ్చి ఆ చెయ్యి గాల్లో ఆగింది. వెనక్కి వెళ్ళిపోయింది. తర్వాత స్క్రూడ్రైవరుని గడప మీద పెట్టి, నా వైపు మెల్లగా దొర్లించాడు.

అలా చెయ్యమని నేను చెప్పలేదు. చేతికి ఇవ్వొద్దని మా ఇంట్లో ఎవరూ అనలేదు. పరాయి దేశంలో ముక్కూ మొహం తెలియనివాళ్ళ పడకగదుల దాకా తిరిగి తలుపులు బిగించొచ్చిన మనిషి, ఇది ఎక్కడ నేర్చుకున్నాడు? ఇక్కడే నేర్చుకుని ఉంటాడు, మాలాంటి ఇళ్ళ గుమ్మాల్లో, నా క్లాసుకి రాకముందే. ఆ స్క్రూడ్రైవరు అందుకుని నేను స్క్రూ తిప్పాను. ఇంకేం చెయ్యాలో నాకు తోచలేదు. తోచింది గాని చెయ్యలేదు.

స్క్రూలు వదులయ్యాక తలుపుని పైకెత్తి, కింది అంచు నా వైపు లాక్కోమన్నాడు. గాజు బరువు, నాకు అరవై ఏళ్ళు, వేళ్ళ నిండా జిడ్డు. రెండుసార్లు ఎత్తలేక వదిలేశాను. మూడోసారి తలుపు చేతిలోంచి జారి దడాలున ట్రాక్‌లో పడింది. ఆ ముద్ద చింది నా చెంప మీద పడింది, పెదవి దాకా. నేను "ఛీ ఛీ" అని అరిచిన అరుపు వీధిలోకి వినపడి ఉంటుంది.

అత్తగారు హాల్లోంచి కేకేశారు. "ఎందుకే అమ్మాయ్ అంత అవస్థ? ఆ అబ్బాయినే లోపలికెళ్ళి ఎత్తమనరాదూ?"

ఆవిడ అక్కడితో ఆపలేదు. "మొన్న లైటు మార్చినవాడు దేవుడికెదురుగా స్టూలెక్కి నిలబడలేదూ? పనివాడికి మడేంటి? ఏం బాబూ, నీ ఇంటిపేరు విన్నప్పట్నుంచీ ఆలోచిస్తున్నాను. మీ మామ్మ ఊడ్పులకి మా చేలోకొచ్చేది కదూ? మా పెద్దాడు పుట్టినప్పుడు వాడికి నీళ్ళుపోసింది ఆవిడే. మూడు నెలలు ఆవిడ కాళ్ళ మీదే పెరిగాడు."

"ఆయ్, మా మామ్మేనండి," అన్నాడతను. "మీ ఇంటి సంగతులు చెబుతుండేదండి."

ఆవిడ పెద్దాడంటే మా ఆయన. నా మొగుడికి నీళ్ళుపోసిన మనిషి మనవణ్ణి నేను గడప అవతల నిలబెట్టాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ కాదనకముందే కాదన్నది నేను. ఆవిడ ఇంటిపేరడిగి ఊరుకున్నారు. ఆవిడ ఏ ఉద్దేశంతో అడిగినా సరే, ఆగమన్న నోరు మాత్రం నాది. ఇన్నేళ్ళూ ఇంట్లో ఏ చాదస్తం జరిగినా అత్తగారి మీదికి తోసేసి, నాకివేం పట్టవు, నేను సైన్స్ టీచర్ని అని తిరిగాను. తోయడానికి ఇప్పుడు ఆవిడ కూడా లేకుండా పోయారు.

"అయితే రా నాయనా, నువ్వే వచ్చి ఎత్తు" అన్నాను. పిలిచినట్టు లేదు ఆ మాట, దయతలిచి ఒప్పుకున్నట్టుంది. చెంప మీది జిడ్డు కంటే నా గొంతే నాకు రోతగా అనిపించింది.

"వద్దులెండి మేడం గారూ," అన్నాడు. అందులో కోపం లేదు. "సగం అయిపోయిందిగా అండి. మీరు ఎత్తగలరు. ఎలాగో నేను చెబుతాను."

చెప్పాడు. ఒక చెక్కముక్కా ఒక ఇనప కడ్డీ గడప మీంచి లోపలికి తోశాడు. చెక్క మీద కడ్డీ ఆనించి, ఒక కొస తలుపు కిందకి దూర్చి, రెండో కొస కాలితో తొక్కమన్నాడు. "చెక్క తలుపుకి దగ్గరగా ఉండాలండి. ఇంకొంచెం దగ్గరికి. ఆయ్, అదేనండి. చాలా బాగా చేస్తున్నారు." వెనక బెంచీ మొద్దుపిల్లలతో నేను మాట్లాడే గొంతు అది. అదే ఓర్పు, అదే మెచ్చుకోలు. తొక్కాను. తలుపు లేచింది, కింది అంచు పక్కకి వచ్చింది. పక్కవాటుగా తిప్పి గుమ్మంలోంచి బయటికి పంపితే అతను అవలీలగా అందుకుని, హాల్లో పరిచిన పాత చీర మీద పడుకోబెట్టాడు.

ఇప్పుడు గడప మీద తలుపు లేదు. అతనికీ నాకూ మధ్య అడ్డం ఏమీ లేదు. అయినా అతను అవతలే కూర్చున్నాడు.

రోలర్లు ఊడదీసి నాకు చూపించాడు. గుండ్రంగా ఉండాల్సిన తెల్లటి చక్రాలు ఒక పక్కంతా అరిగి చదునైపోయాయి. ఇరుసు చుట్టూ వెంట్రుకలు బిర్రుగా చుట్టుకుని ఉన్నాయి. "చక్రం తిరగడం ఎప్పుడో మానేసిందండి. దొర్లాల్సింది ఈడ్చుకుంటూ వచ్చింది. దొర్లితే ఘర్షణ తక్కువ, జారితే ఎక్కువ అని మీరే చెప్పారు కదండీ." ఆ మాటలో ఎగతాళి ఉందేమోనని వెతికాను. లేదు. ఉంటే నాకు కాస్త ఊపిరాడేది. "ఇందులో ఏం పోశారండి?" అని అడిగాడు. "దీపం నూనె" అన్నాను. అతను తలూపి, తడిగుడ్డతో ఆ అంచు తుడవడం మొదలెట్టాడు.

సంచిలో తెచ్చిన రకరకాల సైజుల్లోంచి సరిపడేవి ఏరి, అతను బయట కొత్త రోలర్లు బిగిస్తుంటే లోపల ట్రాక్ కడిగే పని నాది. పాత అట్లకాడతో గీకాను, కిరసనాయిలు పోశాను, మళ్ళీ గీకాను. గీకిన కొద్దీ పొరలు పొరలుగా లేచింది, ఏ ఏడాది పొర ఆ ఏడాదిదే. న్యూస్‌పేపరు నిండిపోయింది. "అది చెత్తబుట్టలో వెయ్యకే, పూజలోది. కాలవలో కలపాలి" అన్నారు అత్తగారు. ఆ బొద్దింక కాళ్ళతో సహా. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఈ కుళ్ళు పదిహేనేళ్ళు దేవుడి కాళ్ళ దగ్గర ఉండొచ్చు. ఇప్పుడు ఊరేగింపుగా కాలవ దాకా కూడా వెళ్ళొచ్చు. కాళ్ళు కడుక్కుని వచ్చిన మనిషి మాత్రం ఒక్క నిమిషం లోపల ఉండకూడదు. ఆ రూలు పెట్టింది కూడా శుభ్రం పిచ్చి ఉన్న నేనే. ఆ పొట్లాన్ని తీసుకెళ్ళి మున్సిపాలిటీ డబ్బాలో కొట్టాను. అత్తగారు అరిచారు. అరవనిచ్చాను.

తలుపు మళ్ళీ ఎక్కించడం తేలికైంది. అతను అవతలినుంచి ఎత్తి పట్టుకుంటే, నేను లోపలినుంచి చక్రాలు ట్రాక్‌లో కూర్చున్నాయో లేదో చూసి స్క్రూలు తిప్పాను. ఏదో స్ప్రే డబ్బా గడప మీంచి దొర్లించి, "ఇది కొట్టండి. నూనె మాత్రం వద్దండి, ఇంకెప్పుడూ" అన్నాడు. తలుపు చిటికెనవేలితో జరిగింది. చప్పుడే లేదు. అత్తగారు లేచొచ్చి మూడుసార్లు తెరిచి మూసి, "మీ మామ్మ చేతిలాగే నీ చెయ్యీ మంచిది బాబూ" అని దీవించారు. అతను వంగి దణ్ణం పెట్టాడు. ఆవిడకి పెట్టాడు.

నేను మూడుసార్లు సబ్బుతో మొహం కడుక్కుని, అతనికి కాఫీ కలిపాను. ఇంట్లో ఉన్నవాటిలో మంచి గ్లాసు వెతికి, తొణికేలా పోసి, పంచదార రెండు చెంచాలు ఎక్కువ వేసి, రెండు చేతులతో ఇచ్చాను. కొత్త అల్లుడికి కూడా ఎవరూ అలా ఇవ్వరు. అతను అంతా తాగాడు. తాగి, గ్లాసు తనే తీసుకెళ్ళి పెరటి కుళాయి దగ్గర కడిగి బోర్లించబోతే, "అయ్యో, అక్కడ పెట్టెయ్, పెట్టెయ్" అని పరిగెత్తాను. అప్పటికే కడిగేశాడు.

గేటు దాకా వెళ్ళాను. అతను చెప్పులు వేసుకుని, సంచి బండికి తగిలించాడు. క్షమించమని అడగాలని నోటిదాకా వచ్చింది. అడిగితే జరిగింది జరిగిందని ఒప్పుకున్నట్టవుతుంది. అది మింగలేకా కక్కలేకా, "మళ్ళీ ఎప్పుడైనా పాడైతే నీకే ఫోన్ చేస్తాను నాయనా" అన్నాను.

అతను బండి స్టార్ట్ చెయ్యబోయి ఆగాడు. "అక్కర్లేదండి మేడం గారూ. విప్పడం, ఎత్తడం, బిగించడం, లోపలి పనంతా మీరే చేశారు కదండీ. రోలర్లు కొట్లో దొరుకుతాయి, సైజు మీ తలుపు అంచు మీద రాసిపెట్టాను. ఇంక మీకు నా అవసరం ఉండదండి" అన్నాడు.

ఎంత మర్యాదగా అన్నాడంటే, ఇంక మా గుమ్మం తొక్కనని చెబుతున్నాడని తెలిసి కూడా, నేను థాంక్స్ చెప్పాను.